యంత్రగానము - కంఠగానము

నవవిధ భక్తులను చెప్పునపుడు ప్రహ్లాదుడు శ్రవణమును మొదటను, కీర్తనమును పిమ్మటను పేర్కొనినాడు. ఈ రెండింటికిని గల సంబంధమును గూర్చి మన తాతల కాలమున ఎవ్వరికిని సందేహము కలుగలేదు. వినవలెనన్నచో ఎవ్వరో ఒకరు పాడవలెను. ఆ పాడువారు ఎదుట ఉండవలెను. పది నాళ్ళు విన్నవాడు పదునొకండవ నాడు తానును గొంతు కలుపును. ఈ విధముగా శ్రవణము తనంతట తానే కీర్తనములోనికి ప్రవహించెడిది. నేడట్లు కాదు. వేకువను లేచి ఒక మీట నొక్కినను, చేతిలోని ఫోనును తాకినను శ్రీ వేంకటేశ్వర సుప్రభాతము ఇల్లంతయు నిండుచున్నది. ఇంటివారిలో ఒక్కరైనను పెదవి కదల్పనక్కరలేదు.

"ఆలయమునందలి జనసమ్మర్దములో వినబడీ వినబడని పాటకంటె, ఇంట నిశ్చలముగా కూర్చుండి మంచి రికార్డు వినుటయే మేలు గదా" అని కొందరందురు. "యంత్రము పాడిన పాటకు ఫలమెక్కడిది" అని మరికొందరు త్రోసివేయుదురు. ఇరువురి మాటలోను కొంత సత్యము కలదు. ఇరువురును కొంత తొందరపడుచున్నారు. కావున ఈ విషయమును కొంచెము నిదానించి విచారింతము.

మొదట రికార్డు మనకు చేసిన మేలును ఒప్పుకొనవలెను. మన దేశమున గ్రామఫోను కొరకు పాటలను రికార్డు చేయుట 1902లో ప్రారంభమైనది. ఆనాటి పది అంగుళముల పళ్ళెమున ఒక ముఖమునకు సుమారు 3 నిమిషముల పాట మాత్రమే పట్టెడిది. ఎంతటి విద్వాంసుడైనను పల్లవి, అనుపల్లవి, చరణములను ఆ మూడు నిమిషములలో కుదించి, గడియారమును చూచుచు పాడవలసివచ్చెడిది. ఒక ముఖమున ఇరువది నిమిషములకు పైగా పట్టు లాంగ్ ప్లే పళ్ళెములు వచ్చిన తరువాతనే దీర్ఘ స్తోత్రములకు అవకాశము కలిగినది. మణవాళ మహామునుల శిష్యులగు ప్రతివాది భయంకరం అణ్ణన్ స్వామివారి సుప్రభాతము 29 శ్లోకములు. దానిననుసరించి వచ్చు స్తోత్రము 11, ప్రపత్తి 16, మంగళాశాసనము 14. ఈ డెబ్బది శ్లోకములను మూడేసి నిమిషముల ముక్కలుగా కోసి వినుట ఎంత అసౌకర్యమో ఊహింపవచ్చును. శ్రీమతి ఎం.ఎస్. సుబ్బులక్ష్మిగారి సుప్రభాతము 1963లో లాంగ్ ప్లే రికార్డుగా వెలువడినది. అటుపిమ్మట అది ఆంధ్రదేశమున మాత్రమే కాక, శ్రీనివాసుని భక్తులున్న ప్రతి తావునను ఉదయకాల ధర్మములలో ఒకటియైనది. ఆమె 2004లో పరమపదించినను ఆమె కంఠము నేటికిని మనలను మేలుకొలుపుచునే యున్నది.

అన్నమాచార్యుల సంకీర్తనముల విషయమున రికార్డు చేసిన మేలు ఇంకను గొప్పది. ఆ మహనీయుడు 1408 నుండి 1503 వరకు జీవించెను. ఆయన పాటలను కుమారుడును మనుమలును రాగిరేకులపై చెక్కించి తిరుమల ఆలయమున సంకీర్తన భాండారమునందు భద్రపరచిరి. రాగిరేకు కూడ ఒక విధమైన రికార్డే గదా! పాట చెడిపోకుండ, మార్పు చెందకుండ, తరువాతి తరములకు అందవలెనను ఆలోచనతోనే అంత లోహమును, అంత శ్రమను వెచ్చించిరి. వారి ఆలోచన సగము ఫలించినది. 1922 ప్రాంతమున సాధు సుబ్రహ్మణ్యశాస్త్రిగారి కృషిచే ఆ రేకులు వెలుగులోనికి వచ్చినపుడు సాహిత్యము చెక్కుచెదరక నిలిచియున్నది. ప్రతి పాటపైనను రాగము పేరు కలదు. కాని ఆ రాగమున ఆ పల్లవి ఎట్లు ఎత్తుకొనవలెనో, చరణమున ఎచ్చట నిలువవలెనో చెప్పు స్వరలిపి లేదు. పాడుచు నేర్పెడి గురుశిష్య పరంపర నడుమ తెగిపోయినది. వేలకొలది పాటల వ్రాత దొరకినది. వానిలో అత్యధికభాగమునకు పూర్వపు వరుస దొరకలేదు.

అందుచేతనే రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు తమ సంగీత సాహిత్య పాండిత్యమును ధారపోసి నూరింటికి పైగా కీర్తనలకు స్వరములు కూర్చవలసివచ్చినది. పిమ్మట నేదునూరి కృష్ణమూర్తిగారు, గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్‌గారు మున్నగువారు ఆ కార్యమును కొనసాగించిరి. 1978లో తిరుమల తిరుపతి దేవస్థానములు అన్నమాచార్య ప్రాజెక్టును నెలకొల్పుటయు, దాదాపు అదే కాలమున క్యాసెట్టు మన ఊళ్ళలోనికి వచ్చుటయు ఒక శుభయోగము. సంగీత పాఠశాల గడప త్రొక్కని గృహిణులు సైతము క్యాసెట్టును ఆపి, వెనుకకు త్రిప్పి, మరల విని, ఒక్కొక్క పాదము చొప్పున పాటలు నేర్చుకొనిరి. బాలకృష్ణప్రసాద్‌గారు 2025లో దివంగతులైనారు. వారిని ఎన్నడును కన్నులార చూడని వేలమంది వారి వరుసలను నోటికి పాడగలరు. ఆ రాగిరేకులకు ఇట్టి సదుపాయము తోడైయున్నచో అన్నమయ్య గొంతునే మనము విని ఉండెడివారమని తలచినపుడు, యంత్రమును తూలనాడుటకు నాకు నోరు రాదు.

కాని ఈ మేలంతయు యంత్రము విద్య నేర్పు ఉపాధ్యాయుని స్థానమున నున్నపుడు కలిగిన మేలని గమనింపవలెను. ఆ గృహిణులు విని ఊరకుండలేదు. విని పాడిరి. ఉపాధ్యాయుడు వేరు, మనకు మారుగా పని చేసి పెట్టెడి ప్రతినిధి వేరు. మీమాంసాశాస్త్రమున ఆరవ అధ్యాయమునందు ప్రతినిధి విచారము కలదు. యాగమునకు విధింపబడిన ధాన్యము దొరకనిచో దానివంటి వేరొక ద్రవ్యమును గ్రహింపవచ్చును. దేవతకు, మంత్రమునకు, యజమానునకు మాత్రము ప్రతినిధి లేదు. కీర్తనము యజ్ఞమువంటిదని అంగీకరించువారు ఈ నియమమును మరువరాదు. వీణ లేనిచో తంబుర, తంబుర లేనిచో చేతి తాళము, అదియు లేనిచో వట్టి గొంతు చాలును. పాడువాడే లేనిచో ఆ స్థానమున దేనిని నిలుపుదుము?

ఇక ఆలయమున జరుగు గానమును పరిశీలింతము. సభలో జరుగు కచ్చేరికిని దీనికిని మూలమునందే ఒక భేదము కలదు. కచ్చేరిలో శ్రోత మనము. ఆలయమున శ్రోత భగవంతుడు. తిరుమలలో వేకువజామున బంగారువాకిలి వద్ద వేదపండితులు సుప్రభాతము పఠించునపుడు తాళ్ళపాక వంశీయులు మేలుకొలుపు కీర్తన పాడుదురు. రాత్రి ఏకాంతసేవయందు తాళ్ళపాకవారి లాలి, తరిగొండ వెంగమాంబ పేర ముత్యాల హారతి జరుగును. ఆ గానము యాత్రికులను రంజింపజేయుటకు ఏర్పడినది కాదు. 2020 మార్చి నుండి జూన్ వరకు మహమ్మారి కారణమున యాత్రికులకు దర్శనము నిలిపివేసిన దినములలో ఈ సంగతి స్పష్టపడినది. క్యూలు లేవు, వినువారు లేరు. అయినను స్వామివారి నిత్యసేవలు ఏకాంతముగా యథావిధిగా సాగినవి. వినువాడున్నాడనియే పాడిరి గదా.

ఈ దృష్టితో చూచినచో, ఆలయగానమున మనకు దోషములుగా తోచునవి కొన్ని దోషములు కావని తెలియును. స్టూడియోలో రికార్డు చేయునపుడు గాయకుడు తప్పు పాడినచో మరల పాడించి, మంచి భాగములను ఏరి అతికింతురు. నేటి పద్ధతిలో గాయకుడు ఒకనాడు, మృదంగ విద్వాంసుడు వేరొకనాడు వచ్చి ఒకరినొకరు చూడకయే తమ భాగములను పూర్తిచేసి పోవుటయు కలదు. వచ్చిన ఫలితము నిర్దుష్టముగా ఉండును. దానికి అలవడిన చెవి తిరువీథిలో మ్రోగు నాదస్వరమును, పదిమంది కలసి చేయు పారాయణమును విని "శ్రుతి కొంచెము తగ్గినది, అక్షరము సరిగా వినబడలేదు" అని ముఖము చిట్లించును. కొందరైతే తమ రికార్డులోని వరుసయే శాస్త్రమని తలచి, ఆలయమున పఠించువారిదే పొరపాటని కూడ పలుకుదురు. ఒకే త్యాగరాజ కృతి ఉమయాళపురము, తిల్లస్థానము, వాలాజాపేట శిష్యపరంపరలలో వేర్వేరు పాఠాంతరములతో బ్రదికి వచ్చినదను సంగతి వీరికి ఎవ్వరైన చెప్పవలెను.

ఆలయగాయకుని చూపు రాగముపై మాత్రమే ఉండదు, స్వామిపై ఉండును. తిరుమంజనమున పురుషసూక్త, శ్రీసూక్తాదుల పారాయణము అభిషేకముతో జతగూడి నడచును. ఒకనాడు అభిషేకమునకు పది నిమిషములు అధికమైనచో పారాయణము చేయువారు ఆగిపోరు. ఊరేగింపు బయలుదేరునపుడు నాదస్వర విద్వాంసుడు మల్లారి అందుకొనును. వాహనము వీథి మలుపు తిరుగుటకు జాగైనచో రాగము పెంచును. హారతి సమయమున వాద్యము ఉధృతమగును. బోయీలు వాహనమును దింపగానే శాంతించును. తిరుమలలో సాయంకాలము సహస్రదీపాలంకరణ సేవయందు స్వామి ఊయలపై నుండగా వేదపఠనము, నాదస్వరము, సంకీర్తనము ఒకదాని వెంట ఒకటి జరుగుటను మాడవీథిలో నిలిచిన ఏ యాత్రికుడైనను చూడవచ్చును. అచ్చట పాటకు కొలత స్వామి ఊయలయే. రికార్డు తన నిమిషములు ముగియగానే ఆగును, లేదా స్వామి లోనికి వేంచేసిన తరువాతను పాడుచునే యుండును.

ఇందుకు అందరికిని తెలిసిన దృష్టాంతము ధనుర్మాసము. ఆ నెల రోజులు తిరుమలలో సుప్రభాతమునకు బదులు ఆండాళ్ తిరుప్పావై పారాయణము జరుగును. ఇంటిలోని యంత్రమునకు సంక్రమణము తెలియదు. డిసెంబరు నడుమ నుండి జనవరి నడుమ వరకు అచ్చట గోదాదేవి పాశురములతో స్వామి మేలుకొనుచుండగా, మన ఇండ్లలో చాలవరకు నిన్నటి పళ్ళెమే తిరుగుచుండును.

ఎదుట నిలిచి పాడువారివలన మరియొక లాభము కలదు: వారిని ప్రశ్నింపవచ్చును. నాథమునుల చరిత్రము ఈ సందర్భమున స్మరింపదగినది. వీరనారాయణపురమునకు వచ్చిన యాత్రికులు కొందరు నమ్మాళ్వారుల తిరువాయ్‌మొళిలోని ఒక దశకమును సన్నిధిలో పాడిరి. దాని చివర, వేయింటిలో ఇవి పది అను సూచన యున్నది. నాథమునులు ఆ పాటకు పరవశించి ఊరకుండక "తక్కిన పాశురములెక్కడ?" అని అడిగిరి. వారికి తెలియలేదు. అంతట ఆయన ఆళ్వారుల జన్మస్థలమగు కురుగూరునకు పోయి, మధురకవి ఆళ్వారుల ప్రబంధమును 12,000 మారులు జపించి, నమ్మాళ్వారుల అనుగ్రహమున నాలాయిర దివ్యప్రబంధమునంతయు పొందెనని సంప్రదాయము. పిమ్మట తన మేనల్లుండ్రు ఇరువురకు గానసహితముగా నేర్పెను. శ్రీరంగము, శ్రీవిల్లిపుత్తూరు మున్నగు దివ్యదేశములలో నేడు జరుగు అరయర్ సేవకు మూలమదియే. ఆనాడు ఆ యాత్రికులు పాడినది ఎంత శ్రావ్యముగా నుండెనో మనకు తెలియదు. వారు వచ్చి పాడిరి, ఒకరు వినిరి, అడిగిరి. నాలుగువేల పాశురములు మనకు దక్కినవి.

ఇంతకంటె సూక్ష్మమగు విషయమును వరాహపురాణాంతర్గతమగు కైశిక మాహాత్మ్యము చెప్పుచున్నది. వరాహస్వామి భూదేవికి చెప్పిన కథ ఇది. తిరుక్కురుంగుడి సమీపమున, లోకము దూరముంచిన కులమున జన్మించిన భక్తుడొకడు ఉండెను. అతనిని సంప్రదాయమున నంపాడువాన్ అందురు. "మన గాయకుడు" అని దాని అర్థము. అతడు ఆలయము వెలుపల నిలిచి రాత్రివేళ వీణతో స్వామిని కీర్తించి పోవువాడు. కార్తీక శుద్ధ ఏకాదశి రాత్రి జాగరణవ్రతమునకై పోవుచుండగా త్రోవలో బ్రహ్మరాక్షసుడొకడు అతనిని పట్టుకొని తినబోయెను. "నా వ్రతము చెడనీయకుము; స్వామి యెదుట పాడి తిరిగివచ్చి నీకు ఆహారమగుదును" అని అతడు అనేక శపథములు చేసెను. రాక్షసుడు విడిచెను. అతడు రాత్రియంతయు పాడి, తెల్లవారగానే త్వరత్వరగా మరలి వచ్చుచుండగా త్రోవలో ఒక వృద్ధుడు ఎదురై "ప్రాణరక్షణకై ఆడితప్పినను దోషము లేదు, వేరొక త్రోవన పొమ్ము" అని బోధించెను. ఆ వృద్ధుడు స్వామియే. నంపాడువాన్ వినలేదు.

తిరిగివచ్చిన భక్తుని చూచి రాక్షసునకు ఆకలి మరపునకు వచ్చినది. "నిన్ను తినను, రాత్రి నీవు పాడిన పాటల ఫలమునిమ్ము" అనెను. భక్తుడు "చెప్పిన మాట ప్రకారము నన్ను భక్షింపుము, గానఫలమును మాత్రము ఈయను" అనెను. రాక్షసుడు అడుగుటను తగ్గించుచు వచ్చెను. తుదకు పాదములపై బడి, పూర్వజన్మమున తాను సోమశర్మ అను బ్రాహ్మణుడనియు, యజ్ఞమున చేసిన అపచారముచే ఈ రూపు వచ్చినదనియు చెప్పి రక్షింపుమని వేడెను. అపుడు జాలిగొని, ఆ రాత్రి తాను చివర కైశికరాగమున పాడిన ఒక్క గీతపు ఫలమును ఇచ్చెను. రాక్షసునకు విముక్తి కలిగెను.

రాక్షసుడు ఏమి అడిగెనో నిదానించి చూడుడు. "నా చెవులకు ఇంపుగా ఇచ్చటనే ఒక పాట పాడుము" అని అడుగలేదు. స్వామి యెదుట పాడిన పాట ఫలమును అడిగెను. ఆ ఫలము ఎట్లు కలిగినది? వ్రతము పట్టి, చీకటిలో నడచి, ప్రాణమును పణముగా పెట్టి, నిదుర మాని, కురుంగుడి నంబి సన్నిధిలో నిలిచి పాడుటచే కలిగినది. వీనిలో రికార్డునందు పట్టుబడునది ధ్వని యొక్కటే. తక్కినవి పాడినవాని వద్దనే ఉండును. ఇది కథయందలి ఒక ముఖము. రెండవ ముఖమును కూడ దాచరాదు. రాక్షసుడు తాను పాడలేదు. ఇతరుని పాటవలననే తరించెను. పాడినవాడు దయతో ఇచ్చినచో పాడలేనివానికి కూడ అది చెందును. మంచము పట్టిన వృద్ధులకు, గొంతు పోయినవారికి, సముద్రముల కావల ఆలయము లేని ఊళ్ళలో బ్రదుకు మన పిల్లలకు, ఒక భక్తగాయకుని రికార్డు అట్టి దానమే యని నేను నమ్ముదును. కాని పాడగలిగియు పాడనివాడు తనను సోమశర్మ స్థానమున నిలుపుకొనుట ఏమి వేడుక!

కైశిక ద్వాదశినాడు తిరుమలలో ఉగ్రశ్రీనివాసమూర్తి సూర్యోదయమునకు ముందే ఊరేగుదురు. కైశిక పురాణ పఠనము జరుగును. తిరుక్కురుంగుడిలో ఈ కథను ఏకాదశి రాత్రి నాటకముగా ప్రదర్శింతురు. అవకాశమున్నవారు ఒక్కమారైనను చూడదగినవి.

ఇక మన ఊళ్ళ సంగతి. చిన్న ఆలయములు పెక్కింటిలో నేడు హారతివేళ మీట నొక్కగనే నగారా, గంట, తాళములు తమంత తాము మ్రోగెడి విద్యుద్యంత్రము ఒక మూల వ్రేలాడుచున్నది. ధర్మకర్తల కష్టము నాకు తెలియును. యంత్రమునకు ఒకమారు వెల యిచ్చిన చాలును. సన్నాయివారికి, డోలువారికి నెలనెల ఈయవలెను. అంత రాబడి లేని దేవాలయములు కలవు. కాని రాబడి ఉన్న చోటులందును యంత్రమే చేరుచున్నది. తరతరములుగా స్వామి మేలుకొలుపునకు సన్నాయి పట్టిన కుటుంబములవారు పెండ్లిండ్ల ఋతువు కొరకు ఎదురుచూచుచు, తక్కిన నెలలు వేరు పనులకు పోవుచున్నారు. వారి పిల్లలు ఆ వాద్యమును ముట్టుటలేదు. తిరుపతిలో నాదస్వరము, డోలు నేర్పు పాఠశాల కలదు. నేర్చివచ్చిన యువకునకు ఊరిలో నిలుచుటకు ఒక ఆలయము కావలెను గదా. నిత్యము కాకపోయినను ధనుర్మాసపు నెల, బ్రహ్మోత్సవ దినములు, ఏకాదశులు - ఇన్నింటికైనను మనుష్యుల వాద్యమును ఏర్పాటు చేయుట మధ్యస్థమగు ఆలయములకు అసాధ్యము కాదు. పదిమంది గృహస్థులు కలసి నెలకొక దినపు సంభావనను భరించినను సరిపోవును.

ధ్వనివర్ధకమును గూర్చి కూడ ఒక మాట. అర్చకుడు లోపల మంత్రము చెప్పుచుండగా బయట రికార్డు పాట నాలుగు వీథులు దద్దరిల్లునట్లు మ్రోగుట ఏ ఆగమమునను చెప్పబడలేదు. అర్చన జరుగునంతసేపైనను దానిని ఆపవలెను. సాయంకాలపు సాంస్కృతిక కార్యక్రమములందును మైకుల కీచుధ్వనితో, ముందు వరుసల సంభాషణలతో పాట నలిగిపోవుటచే "ఇంతకంటె ఇంటి రికార్డే నయము" అనువారిని తప్పు పట్టలేము. ఆ లోపము నిర్వాహకులది, సరిదిద్దుకొనదగినది.

గృహములందు ఏమి చేయవచ్చును? రికార్డును తీసివేయనక్కరలేదు. దానిని మొదట చెప్పినట్లు ఉపాధ్యాయుని పీఠమున కూర్చుండబెట్టవలెను. సుప్రభాత శ్లోకములు 29. ఒక శ్లోకమును రికార్డులో విని, యంత్రమును ఆపి, ఇంటివారందరును రెండు మారులు పలుకుటకు ఐదు నిమిషములు పట్టదు. రోజునకొకటి చొప్పున కార్తీకమున ప్రారంభించినచో ధనుర్మాసము వచ్చునప్పటికి సుప్రభాతము నోటికి వచ్చును. గొంతు బాగులేదని సంకోచింపవలదు. అలిపిరి మెట్లపై భజన చేయుచు ఎక్కువారిని చూడుడు, ఆయాసముచే సగము పాదము మ్రింగివేసినను ప్రక్కవారు అందుకొందురు. తిరుప్పావై పాశురములు 30. ధనుర్మాసమున దినమునకొక పాశురమును విశేషముగా అనుసంధించు ఆచారము ఉండనే యున్నది. సంక్రమణము నాటి వేకువను సుప్రభాతపు రికార్డును ప్రక్కన పెట్టి, మొదటి పాశురమును ఇంటిలోని చిన్నపిల్లచేత ఎత్తించవలెను.